చేటెడు తవుడు

ఉగాది వెళ్ళిన మర్నాడు

తవుడూ,

ఇవాళ మేస్త్రి పాపారావు గారు గుమస్తా గది దులిపిస్తుంటే ఈ డైరీ బయట పడింది. ఎప్పటిదో పాతది. చాలా కాగితాలు ఖాళీగా ఉన్నాయి. "పొయ్యిలోకి పనికొస్తుంది, తీసుకోమ్మా" అని నా వైపు విసిరేరు. పొయ్యిలో పెట్టబుద్ధి కాలేదు.

నేను రెండో తరగతి చదివి మానేసినదాన్ని. అక్షరాలు మళ్ళీ చేతికి రావడానికి చాలాసేపు పట్టింది. ముందు నీ పేరు రాశాను. బాగానే వచ్చింది.

నీకు చదవడం రాదు. నాకు రాయడం సరిగ్గా రాదు. అంచేత మనిద్దరికీ భయం లేదు. నోటితో అనకూడని మాట ఒకటి ఉంది. అంటే పైవాడికి వినపడుతుందని మంత్రసాని చెప్పింది. కాగితం మీద రాస్తే వినపడదనే అనుకుంటున్నాను.

నా కూతురు. నా కూతురు. నా కూతురు.

ఏమీ కాలేదు. కాలవలో బాతులు వెళ్తున్నాయి.

బుధవారం

డొక్కలు బాదాను. భుజం లాగుతోంది.

శనివారం

ఇక్కడ ఎలా ఉంటుందో నీకు చెప్పలేదు కదా. రాజోలు కాలవ గట్టు మీద జగ్గయ్య గారి పీచు దొడ్డి. కొబ్బరి డొక్కలు గుంటల్లో వేసి నెలల తరబడి నానబెడతారు. నానిన డొక్కని బండ మీద పెట్టి కర్రతో బాదితే పొట్టు రాలిపోయి పీచు మిగులుతుంది. ఆ పీచుతో తాళ్ళు పేనతారు. గుంటల కంపుకి మొదట్లో కొంగు ముక్కుకి కట్టుకునేదాన్ని. ఇప్పుడు తెలియదు. ఊళ్ళోకి వెళ్తే జనం పక్కకి జరిగినప్పుడు గుర్తొస్తుంది.

ఆడవాళ్ళం అందరం ఒక పాకలో ఉంటాం. అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. నా పక్క చాప రామలక్ష్మిది. ఉప్పలగుప్తం మనిషి. ఇద్దరు మగపిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. నోరు ఊరుకోదు.

"పొద్దుట కలొచ్చిందే చిన్నమ్మలూ. మా పెద్దోడు నన్ను 'ఏమండీ' అన్నాడు. పరాయిదాన్నయిపోయేననుకుని లేచి కూచున్నా. తీరా చూస్తే పిలిచింది మేస్త్రి. పనికి లెగమని!"

అందరూ నవ్వేరు. తరవాత పీచు దుమ్మని కళ్ళు తుడుచుకున్నారు.

"నీకెంతమందే?" అని వచ్చిన కొత్తలో అడిగింది. "లేరు" అన్నాను. అలా అనడమే నీకు మంచిది.

చైత్రం, సోమవారం

లేరన్న మాట ఇవాళ అబద్ధమని అందరికీ తెలిసిపోయింది.

సింహాద్రి పడవ వచ్చింది. డొక్కల కోసం కొత్తపేట దాకా వెళ్ళి వచ్చే పడవ అది. గోదావరి మధ్య మన లంక నుంచి నీ కబుర్లు అతనే తెస్తాడు. ఎప్పుడూ నన్ను గట్టు పక్కకి పిలిచి చెబుతాడు. ఇవాళ తొందరలో అందరి మధ్యా అనేశాడు.

"అమ్మా, లంకలో అచ్చమ్మ గారు చెప్పమన్నారండి. పాపకి ఆరో ఏడు వచ్చేసిందంట. అయిదు నిండగానే తవుడు తెచ్చి పిల్లని తీసుకెళ్ళాలి కదా, ఇంకా రాలేదేంటీ అని అడుగుతున్నారండి. ఆవిడకి ఓపిక తగ్గింది. శ్రావణం లోపల వచ్చి తీసుకెళ్ళమన్నారండి, ఆయ్."

కర్రల చప్పుడు ఆగిపోయింది.

"పిల్లలు లేరన్నావు కదే?" అంది రామలక్ష్మి.

చెప్పక తప్పలేదు. వాళ్ళకి చెప్పినదే నీకూ రాస్తాను. నీకు నేనెప్పుడూ చెప్పలేదు.

నీకంటే ముందు ముగ్గురు పుట్టారు. వాళ్ళ పేర్లు రాయను. ఒక్కళ్ళూ నడక దాకా రాలేదు. నువ్వు పుట్టగానే మంత్రసాని అంది, ఈ పిల్ల దీని దగ్గర నిలవదు, అమ్మేయండి అని. పక్కింటి అచ్చమ్మత్త కడుపున పుట్టినవాళ్ళందరూ బతికారు. ఆవిడ చేతికే అమ్మాలన్నారు. నిన్ను చేటలో పడుకోబెట్టి గడప మీంచి అవతలికి అందించాం. ఆవిడ చేటెడు తవుడు నా ఒళ్ళో పోసింది. "ఈ పిల్ల నాది. నా పిల్లని నీ దగ్గర ఉంచుతున్నాను, పెంచి పెట్టమ్మా" అని మళ్ళీ నా చేతుల్లో పెట్టింది. అందుకే నీకు తవుడమ్మ అని పేరు. అయిదేళ్ళు నిండాక ఆ తవుడు ఆవిడకి తిరిగిచ్చి నిన్ను తెచ్చుకోవాలి. ఈ లోపల నా కూతురు అని నోట అనకూడదు.

నువ్వు నిలిచావు.

అంతా విని రామలక్ష్మి చేతిలో కర్ర పక్కన పెట్టింది. తరవాత అంది. "మా ఊళ్ళోనూ ఉందే ఈ అమ్మకం. అయిదు దాటిందిగా. మరింక తవుడు పట్టుకుని ఎల్లక, ఈ కంపులో కూచుని ఏం చేస్తున్నావే?"

"మేస్త్రి సెలవివ్వడు" అన్నాను.

చైత్రం, గురువారం

మిల్లు నుంచి కొత్త తవుడు తెప్పించాను. జల్లించి నూకా ఊకా తీసేశాను. తెల్ల గుడ్డలో మూట కట్టి దూలానికి వేలాడదీశాను. ఆదివారం వెళ్తాను.

ఆదివారం

మేస్త్రి సెలవివ్వలేదు.

మరో ఆదివారం

మేస్త్రి సెలవివ్వలేదు.

అధిక వైశాఖం

ఈ ఏడు అధిక మాసం వచ్చింది. అధిక మాసంలో ఇలాంటి పనులు చేయకూడదు. మంచిదే. కంగారు లేకుండా వెళ్ళొచ్చు.

అధిక వైశాఖం, మంగళవారం

ఇవాళ డొక్క బాదుతుంటే లోపల నుంచి ఏడుపు వినపడింది. పసిపిల్ల ఏడుపు. కర్ర ఆపితే ఆగిపోతోంది. మొదలెడితే మళ్ళీ. అన్నానికి గంట కొట్టినా నేను బాదుతూనే ఉన్నానట. రామలక్ష్మి వచ్చి కర్ర లాక్కుంది. నా ముందున్న పీచు పిండి పిండి అయిపోయింది.

అన్నం సహించలేదు.

శుక్రవారం

రామలక్ష్మి నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది. కాంపౌండరు నాలిక చూసి ఎర్ర మందు సీసాలో పోసిచ్చాడు.

"నిద్ర పడుతోందా?"

"లేదండి."

"ఆకలి?"

"లేదండి."

"ఏమైనా బెంగా?"

"లేదండి."

"ఉందండీ" అంది రామలక్ష్మి. "దీనికి బెంగుందండి, దానికి మందుంటే ఇంకో సీసాలో పొయ్యండి."

కాంపౌండరు నవ్వేడు. మందు తియ్యగా ఉంది.

ఆదివారం

గౌను పంపాలనుకున్నాను. బట్ట నేను ముట్టుకోలేదు. రామలక్ష్మినే కొట్టుకి పంపాను. దాన్నే కుట్టించమన్నాను, దాన్నే మూట కట్టమన్నాను.

"ఎంత ఎత్తుంటుందే పిల్ల?" అని అడిగింది.

మోకాలి పైన చెయ్యి పెట్టి చూపించాను. దాని మొహం అదోలా అయింది.

"అది ఎప్పటి ఎత్తే?"

చెయ్యి దించేశాను.

"సరే, నువ్వు ముట్టుకోవేంటి?"

"పీచు చేతులు, మరకలవుతాయి" అన్నాను.

నీకు నిజం రాస్తాను. ఇక్కడికి వచ్చాక నేను లంకకి రెండుసార్లు వచ్చాను. నీకు గుర్తుండదు. మొదటిసారి నీకు తల దువ్వి జడ వేశాను. నేనిటు పడవెక్కగానే నీకు జ్వరం. రెండోసారి పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టాను. పది ముద్దలు తిన్నావు. ఆ సాయంత్రమే మళ్ళీ జ్వరం. అచ్చమ్మత్త కబురు పంపింది, తగ్గిందిలే భయపడకు అని.

మీ నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. చెట్టెక్కే మోకు రోజూ తనే భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ఆ రోజు మరిచిపోతే నేను వెనకాల పరిగెత్తుకెళ్ళి అందించాను. ఈ చేత్తోనే. ఆ రోజే చెట్టు మీంచి పడి పోయాడు, ఆ తరవాతే నిన్ను అచ్చమ్మత్త దగ్గర వదిలి పనికి ఇటొచ్చాను.

ఇక చూడు. ముగ్గురు, ఆయన, నీ జ్వరాలు. చేతిని బూడిదతో తోముకుంటాను. పీచు కంపు పోతుంది.

నిజ వైశాఖం

సింహాద్రి వచ్చాడు. గౌను సంగతి అడిగాను. తల గోక్కున్నాడు.

"చాల్లేదండీ. పాప బాగా ఎదిగిపోయిందండి. మరి ఏడవలేదులెండి. కొబ్బరి పుల్లల బొమ్మకి తొడిగేసింది. ఆ బొమ్మకి మాత్రం పండగేనండి."

నవ్వాను. నవ్వు వచ్చిందని రాస్తున్నాను.

నిజ వైశాఖం, మర్నాడు

మూట దింపి చూశాను. తవుడుకి పురుగు పట్టింది. ఉండలు కట్టింది. పురుగు పట్టిన తవుడు ఇస్తే అచ్చమ్మత్తకి అవమానం. జగ్గయ్య గారి గేదెకి పోశాను. కొత్తది తెప్పించాలి.

జ్యేష్ఠం

కొత్త తవుడు వచ్చింది. జల్లించాను. కట్టాను. వేలాడదీశాను.

జ్యేష్ఠం, శనివారం

ఇవాళ పాపారావు గారు అందరి ముందూ అడిగేరు.

"ఏమ్మా చిన్నమ్మలూ, నేనేదో రాక్షసుణ్ణని ఊరంతా చెప్పుకుంటున్నారంట. నిన్ను నేనెప్పుడు ఆపేనమ్మా? సెలవడిగితే కదా ఇవ్వడానికి!"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

అన్నం దగ్గర రామలక్ష్మి నా ఎదురుగా చతికిలబడింది. "అధిక మాసమన్నావు. జ్యేష్ఠమొస్తే ఎండన్నావు. రేపు ఆషాఢం మంచిది కాదంటావు. శ్రావణంలో వరదంటావు. భాద్రపదంలో పెద్దల పక్షాలంటావు. ఈలోగా ఆ పిల్లకి పెళ్ళయిపోద్ది, నువ్వు తవుడు పట్టుకెళ్ళి అల్లుడికిద్దువు గాని!"

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"నా చెయ్యి మంచిది కాదే" అన్నాను. ఆ మాట మొదటిసారి ఒక మనిషితో అన్నాను.

అది నా చెయ్యి లాక్కుని చూసింది. తిప్పి చూసింది. అరచెయ్యంతా కాయలు, పీచు గీతలు. "నా చెయ్యీ ఇలాగే ఉంది" అంది. "పిల్లలకి జ్వరాలు రాకపోతే మరెవరికొస్తాయే? మా చిన్నోడికి నేనింకా ఊళ్ళో అడుగెట్టకుండానే వచ్చింది."

"నీకు పోలేదుగా" అన్నాను.

అది నా చెయ్యి వదిలేసింది. నేను అలా అనకుండా ఉండాల్సింది. దానికీ ఒకటి పోయిందని తరవాత వేరే ఆవిడ చెప్పింది.

ఆషాఢం

మళ్ళీ పురుగు. గేదెకి పోశాను. నన్ను చూస్తే ఆ గేదె లేచి నిలబడుతోంది.

ఆషాఢం, సోమవారం

అచ్చమ్మత్త మళ్ళీ కబురు. "శ్రావణ శుక్రవారానికి రా. తవుడు లేకపోయినా రా. పిల్ల అడుగుతోంది."

ఏమని అడుగుతోందని సింహాద్రిని అడిగాను. "తవుడు తెచ్చేవాళ్ళు ఎప్పుడొస్తారు అని అడుగుతోందండి. రేవులోకొచ్చి మా పడవలన్నీ చూస్తుందండి. మూటలున్నాయా లేదా అని."

నువ్వు నా కోసం చూడటం లేదు. తవుడు కోసం చూస్తున్నావు. అయినా ఆ మాట పట్టుకుని రోజంతా పని చేశాను. ఇవాళ డొక్కలో ఏడుపు లేదు.

శ్రావణ శుక్రవారం వెళ్తాను. ఇది రాసి పెడుతున్నాను.

శ్రావణం, బుధవారం

సెలవు అడిగాను. ఇచ్చేరు. తవుడు కొత్తది. వాన ఆగడం లేదు. కాలవలో నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి.

గురువారం

గోదావరి పొంగిందట. పడవలు లేవు.

శుక్రవారం

గట్లు తెగాయంటున్నారు. కొత్తపేట వైపు నుంచి ఎవరూ రాలేదు. లంకల్లో ఇళ్ళు కనపడటం లేదట. రేవులో నిలబడ్డాను. నీళ్ళలో చూరు ఒకటి, దాని మీద కోడిపెట్ట ఒకటి వెళ్ళాయి. తాటాకు చూరు. మనది తాటాకే. అందరిదీ తాటాకే.

శనివారం

తవుడూ.

ఆదివారం

తవుడూ తవుడూ తవుడూ

మంగళవారమో బుధవారమో

సింహాద్రి పడవ బయల్దేరుతోంది. లంకల వాళ్ళని కొత్తపేట బళ్ళో ఉంచారని తెలిసిందట. ఎవరెవరున్నారో తెలియదట. రామలక్ష్మి నా చేతిలో మూట పెట్టింది. "ఈసారి గేదెకి పోశావంటే నిన్ను గుంటలో నానబెడతా" అంది. అంటూనే ఏడిచింది.

శ్రావణం, కొత్తపేటలో. ఏ రోజో తెలియదు

దారిలో సింహాద్రి ఎన్నో కబుర్లు చెప్పాడు. ఒక్కటీ వినలేదు. మునిగిన తోటల్లో కొబ్బరి మొవ్వులు మాత్రం పైకి కనపడుతున్నాయి. వాటి మీద పాములున్నాయన్నాడు.

బడి వసారా నిండా జనం. ఊరివాళ్ళు గుండిగలో గంజి కాచి పోస్తున్నారు. ఆ జనంలో సూర్యావతి నన్ను ముందు చూసింది. అచ్చమ్మత్త కోడలు ఈవిడ. జుట్టు విరబోసుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"తవుడు బతికే ఉందే చిన్నమ్మలూ" అంది.

నేను నేల మీద కూచున్నాను. ఎంతసేపు కూచున్నానో తెలియదు.

అప్పుడు తక్కినది చెప్పింది. వరద రాత్రి నీళ్ళు ఇంట్లోకి వచ్చేసరికి అచ్చమ్మత్త నిన్నూ సూర్యావతినీ అటక ఎక్కించిందట. పాత అటక, ఇంకో మనిషిని మోయదు. కొడుకు దొరబాబు పడవ కోసం వెళ్ళాడు. నిచ్చెన కొట్టుకుపోకుండా అత్త నీళ్ళలో నిలబడి పట్టుకుంది. తెల్లారి పడవ వచ్చేదాకా పట్టుకునే ఉంది. బళ్ళోకి వచ్చాక ఒళ్ళు చల్లబడిపోయింది. రెండు రోజులు వణికింది. నేను రావడానికి ముందు రోజు పోయింది.

నేను మూట పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ తవుడు ఎవరికివ్వను? ఆవిడ చేతికి ఇస్తేనే నువ్వు నాకొస్తావు. ఉగాది నుంచి ఆవిడ పిలుస్తూనే ఉంది. ఇప్పుడు నువ్వు, చనిపోయిన మనిషి పిల్లవి.

సూర్యావతి నా మొహం చూసింది. ఏం ఆలోచిస్తున్నానో తెలిసిపోయినట్టుంది.

"నిన్న మాట పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచింది. 'చిన్నమ్మలు వస్తది. తవుడు అడక్కండి. తవుడు నాకు ముట్టిందని చెప్పండి' అంది. రెండుసార్లు అంది. ముట్టిందంట చిన్నమ్మలూ. నీకు బాకీ లేదు."

నాకు ఏడుపు రాలేదు. వేరే ఎవరో ఏడుస్తున్నట్టు దూరంగా వినపడింది. అందరూ నా వైపు చూస్తున్నారు. అప్పుడు తెలిసింది.

అదే రోజు, తరవాత

నువ్వు తలుపు వెనకాల నిలబడి ఉన్నావు. నేను చూపించిన ఎత్తు కాదు. నా పక్కటెముకల దాకా వచ్చావు. మీ నాన్న చెవులు.

"నువ్వెవరివి?" అన్నావు.

"చిన్నమ్మల్ని."

"ఆ మూటలో తవుడేనా?"

"ఆయ్" అన్నాను. పెద్దవాళ్ళకి అన్నట్టు చిన్నపిల్లకి ఆయ్ అన్నాను.

"అమ్మ చెప్పింది తెస్తావని. ఏదీ?"

నీకు అమ్మంటే ఆవిడ. మూట విప్పాను. నువ్వు వేళ్ళతో తవుడు తీసి నాలిక మీద వేసుకున్నావు. ఉమ్మేశావు. గంజి అందరికీ అందలేదు. నీకూ పొద్దుటి నుంచి గుక్కెడేనని సూర్యావతి చెప్పింది. గుండిగ దగ్గర మూకుడు అడిగి తవుడు వేయించాను. ఎవరో బెల్లం ముక్క ఇచ్చారు. వేడి వేడిగా కలిపి ముద్ద కట్టాను. చేత్తోనే. ఆకులో పెట్టి పక్కకి జరుపుదామనుకున్నాను. నువ్వు ఆకు కోసం ఆగలేదు. నోరు తెరిచావు.

పెట్టాను.

"బాగుంది. ఇంకుందా?"

ఉన్నదంతా పెట్టాను. నీ పక్కనున్న పిల్లలకీ పెట్టాను. నిన్ను కొనిపెట్టిన తవుడు, నిన్ను విడిపించాల్సిన తవుడు, నువ్వే తినేశావు. మూట గుడ్డ దులిపి చూశావు కూడా.

ఆ సాయంత్రమంతా నాకు ప్రాణం లేదు. "ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడవే" అని సూర్యావతిని అడిగాను. చూసింది. లేదంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ చూసింది. ఇంకోసారి అడిగేసరికి దానికి కోపం వచ్చింది.

"అత్తని తగలబెట్టి వచ్చి కూచున్నాను చిన్నమ్మలూ. నాకు ఓపిక లేదు. చెయ్యి నీకూ ఉంది, నువ్వే చూసుకో."

చూశాను.

చల్లగా ఉంది. చెమట పట్టి కొంచెం తడిగా కూడా ఉంది. చెయ్యి తియ్యలేదు. నువ్వు నిద్రలో నా చెయ్యి తోసేసి అటు తిరిగావు.

మర్నాడు పొద్దున్న, కొత్తపేటలోనే

జ్వరం లేదు.

జ్వరం లేదు, అంటే ఏమిటి? అంటే అప్పుడూ నా చెయ్యి కాదు. అప్పుడూ కాకపోతే ఇన్నాళ్ళూ నేను ఆ గుంటల దగ్గర ఎందుకున్నాను? ఈ మాట ఇంకా రాయలేను.

శ్రావణం, మళ్ళీ రాజోలు

నిన్ను తీసుకురాలేదు. రాయాలంటే చెయ్యి ఆడటం లేదు కాని రాస్తాను.

"నాతో వస్తావా?" అని అడిగాను. నువ్వు సూర్యావతి కొంగు చుట్టుకున్నావు. "అమ్మకి దినాలు చెయ్యాలి కదా, నేను లేకపోతే ఎలాగ?" అన్నావు. పెద్దదానిలా అన్నావు. ఆవిడ కొనుక్కున్న కూతురివి నువ్వు. నిజమే, నువ్వు ఉండాలి. అయ్యేదాకా దొరబాబు వాళ్ళతో సూర్యావతి పుట్టింట్లో, అల్లవరంలో ఉంటావు. దినాలు అయ్యాక నేను వస్తానన్నాను. సూర్యావతి నా వైపు చూసి, "ఈసారి వస్తావా?" అంది. నేను వస్తానన్నాను.

ఇది సాకు కాదు. కాదు. రామలక్ష్మి చేత కూడా చదివించాలనుంది, దానికి చదువు రాదు. అందుకే పైకి చదివి వినిపించాను, సాకు కాదు అని. అది నా వైపు చూసి, "చూద్దాం" అంది.

గురువారం

అచ్చమ్మత్త నిచ్చెన పట్టుకుని నిలబడటం కనపడుతోంది. డొక్క బాదినప్పుడల్లా కనపడుతోంది. శుక్రవారానికి రమ్మంది. అంతకు ముందు చైత్రంలోనే రమ్మంది. వచ్చి ఉంటే అటక మీద ఒక పిల్ల తక్కువ. ఆవిడకి చోటు ఉండేది.

శుక్రవారం

ఏమీ తినలేదు. రామలక్ష్మి తిట్టింది. రెండు ముద్దలు తిన్నాను.

దినాలకి ముందు రోజు

సింహాద్రి వచ్చాడు. అల్లవరం వెళ్ళి నిన్ను చూసి వచ్చాడట. చెప్పమన్నాను, ఏదీ దాచకుండా.

"బానే ఉందండి. జ్వరాలవీ ఏమీ లేవండి. కాని అన్నం సరిగ్గా తినట్లేదంట. సూర్యావతి గారు కలిపి పెడితే, అమ్మ ఇలాగ కలపదు అని తోసేస్తోందంట. తలుపు దగ్గరకెళ్ళి కూచుంటోందంట." కాస్త ఆగి అన్నాడు. "నన్ను చూసి, ఆ తవుడావిడ ఎప్పుడొస్తాది అని అడిగిందండి."

తవుడావిడ. బాగానే ఉంది ఆ పేరు. నేను పెట్టిన పేరే నువ్వు నాకు తిరిగి పెట్టావు.

పాపారావు గారిని సెలవు అడిగాను. "ఎల్లమ్మా. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ రండి. పాకలో ఇంకో చాపకి చోటుంది" అన్నారు. రామలక్ష్మి కొత్త గౌను గుడ్డ తెచ్చి, ఎత్తు ఎంత అంది. పక్కటెముక మీద చెయ్యి పెట్టి, ఇక్కడికి అన్నాను. గుడ్డ నేనే పట్టుకున్నాను. అది కత్తిరించింది.

తవుడు వేయించాను. బెల్లం కొట్టి పెట్టాను. ఇది ఎవరికీ ఇవ్వడానికి కాదు, తినడానికే. మూట నేనే కట్టాను. దూలానికి వేలాడదీయలేదు, తల పక్కనే పెట్టుకున్నాను. నువ్వు నాతో వస్తావో రావో తెలియదు. రాకపోతే అల్లవరంలోనే ఏదో పని చూసుకుంటాను. అక్కడ మాత్రం డొక్కలు లేవా.

పొద్దున్నే పడవ. గోదావరి వరద తీసింది. అయినా అంత దూరం రావడానికి సాయంత్రం అవుతుంది. ఈలోగా మధ్యాహ్నం ఒక పూట ఉంది. అచ్చమ్మత్త కలిపినట్టు ఎవరూ కలపలేరు. నేనూ కలపలేను, నీకు ముందే చెబుతున్నాను. సూర్యావతి మంచిది. దానికీ అత్త పోయింది. దాని ముద్ద తొయ్యకు.

తవుడూ, నేను వచ్చేదాకా వేళకి అన్నం తిను. కడుపునిండా తిను తల్లీ.